జాగ్వార్ ఈ-టైపా, పోర్షే 911ఆ? ఒక్కటే కొనగలను, మీరే చెప్పండి

లీడ్స్_మురళి

అందరికీ నమస్కారం. ఇన్నాళ్లూ ఇక్కడ చదివి వెళ్లిపోయేవాణ్ణే తప్ప ఎప్పుడూ రాయలేదు. ఇంటి అప్పు తీరింది, పిల్లలు కాలేజీలకు వెళ్లిపోయారు. "పెళ్లయిన దగ్గర్నుంచి వింటున్నా ఈ పాత కారు గోల, కొనేయండి ఇక" అని మా ఆవిడే అనేసింది. ఆవిడ మనసు మారకముందే తేల్చుకోవాలి.

చూసినవి రెండు. ఒకటి 1966 జాగ్వార్ ఈ-టైప్, సిరీస్ 1, 4.2 లీటర్ కూపే, అంటే గట్టి పైకప్పున్న రెండు తలుపుల బండి. ముదురు ఎరుపు, కుడివైపు స్టీరింగ్. మాకు దగ్గర్లోనే ఉంది. "అచ్చంగా ఇంగ్లండ్ బండి, మ్యాచింగ్ నంబర్లు" అంటున్నాడు అమ్మేవాడు, అంటే ఇంజిన్ వగైరా ఫ్యాక్టరీలో ఈ బండికి వేసినవే అని. రెండోది 1972 పోర్షే 911 టి, 2.4 లీటర్ కూపే. వెండి రంగు, ఎడమవైపు స్టీరింగ్, ఇటలీ నుంచి వచ్చింది. ఇంజిన్ రీబిల్డ్ చేయించిన బిల్లులన్నీ ఫైల్లో పెట్టి ఇచ్చారు.

అడుగుతున్న ధర రెండింటికీ అటూఇటూగా ఒకటే. ఎండాకాలం వారాంతాల్లో నడుపుతాను, వీలైతే స్కాట్లండ్ దాకా వెళ్లాలని ఉంది. పదేళ్ల తర్వాత అమ్మాల్సి వస్తే పెట్టిన డబ్బయినా వెనక్కి రావాలి. ఫొటోలు కింద పెట్టాను. ఏది కొనమంటారు?

పాతబండి

ఇందులో ఆలోచించడానికేముంది మురళి గారూ, ఈ-టైపే. నా దగ్గర 1965 కూపే ఉంది, కాబట్టి నా ఓటు ఎటో అందరికీ తెలిసిందే.

1961 మార్చిలో జెనీవాలో ఆ కారును బయటపెట్టినప్పుడు నడిపి చూస్తామని జనం ఎగబడ్డారు. అక్కడున్న కూపే ఒక్కటే చాలక, కోవెంట్రీ ఫ్యాక్టరీ నుంచి ఇంకోదాన్ని తెమ్మని కబురు పంపారు. టెస్ట్ డ్రైవర్ నార్మన్ డ్యూయిస్ 77 ఆర్‌డబ్ల్యూ నంబరు ఓపెన్ టాప్ బండిని రాత్రికి రాత్రి నడుపుకుంటూ జెనీవా చేర్చాడు. బండి బొమ్మ గీసిన మాల్కమ్ సేయర్ విమానాల ఫ్యాక్టరీలో పనిచేసి వచ్చినవాడు. వంపులన్నీ లెక్కలు కట్టి తేల్చాడు. ఓపెన్ బండి ధర పన్నులతో కలిపి 2,097 పౌండ్లు. అప్పట్లో ఆస్టన్ మార్టిన్ డీబీ4 కొనాలంటే సుమారు దానికి రెట్టింపు పెట్టాలి.

మీరు చూసింది 4.2 కావడం ఇంకా మంచిది. ముందొచ్చిన 3.8 లీటర్ బండిలో మొదటి గేరుకు సింక్రో (గేరు సాఫీగా పడేలా చేసే ఏర్పాటు) ఉండదు, బండి కదులుతుండగా ఫస్ట్ వెయ్యాలంటే చెయ్యి తిరిగినవాడై ఉండాలి. 1964 అక్టోబర్లో 4.2 వచ్చాక గేర్‌బాక్స్ మారింది, బ్రేక్ సర్వో బాగుపడింది, సీట్లు కూర్చోడానికి సీట్లలా తయారయ్యాయి. కంపెనీ చెప్పుకున్న 265 హార్స్‌పవర్ రెండింటికీ ఒకటే. కానీ 4.2లో టార్క్ ఎక్కువ. టాప్ గేర్లో ఊళ్లోంచి వెళ్తూ కాలు నొక్కితే చాలు, గేరు మార్చకుండా లాక్కుపోతుంది.

ఉలవచారు

ఆ డబ్బుతో మా ఊరి పక్కన రెండెకరాలు వస్తాయన్నా. రెండెకరాలకు తుప్పు పట్టదు.

శీను_లుడ్విగ్స్‌బర్గ్

మురళి గారూ, నేను 911 మనిషిని. స్టుట్‌గార్ట్ పక్కనే ఉంటాను, 1970 మోడల్ 2.2 టి నడుపుతున్నాను. పాతబండి అన్న జెనీవా కథ చెప్పాడు, బాగుంది. మీరు కథ కొనుక్కుంటున్నారా, నడిపే బండి కొనుక్కుంటున్నారా?

ఈ-టైప్ క్లచ్ అరిగితే ఏం చేయాలో అన్నని అడగండి. బానెట్ మొత్తం ఊడదీసి, ఇంజిన్, గేర్‌బాక్స్ కలిపి బయటికి తియ్యాలి. వెనక బ్రేకులు చక్రాల దగ్గర ఉండవు, మధ్యలో డిఫరెన్షియల్‌కి ఆనుకుని ఉంటాయి. డిస్కులు మార్చాలంటే వెనక సస్పెన్షన్ మొత్తాన్ని ఫ్రేముతో సహా కిందికి దించాల్సిందే. 911లో ఇంజిన్ కిందికి దించడం ఒకపూట పని. గాలితో చల్లబడే ఇంజిన్ కాబట్టి రేడియేటర్ లేదు, ట్రాఫిక్‌లో ఉష్ణోగ్రత ముల్లు చూస్తూ టెన్షన్ పడక్కర్లేదు.

బరువు కూడా చూడండి. ఈ-టైప్ 1,200 కిలోలు దాటుతుంది, 2.4 టి సుమారు 1,050. 130 పీఎస్ (హార్స్‌పవర్ లాంటి లెక్కే) తక్కువే, ఒప్పుకుంటా. కానీ మెలికల రోడ్డు మీద ఆ తేడా మీకు గుర్తే రాదు. స్కాట్లండ్ వెళ్తానంటున్నారుగా.

అన్నట్టు, వెండి బండికి కుడివైపు ఫొటో ఒక్కటీ లేదు. అన్నీ ఎడమవైపు నుంచి తీసినవే. కుడి పక్క, ముఖ్యంగా వెనక చక్రం చుట్టుపక్కల, ఒకటి పెట్టగలరా?

పాతబండి

క్లచ్ మాట నిజమే శీనూ, కాదనను. కానీ క్లచ్ రోజూ మారుస్తామా? ఇంజిన్ ఎలాగూ బయటికి వస్తుంది కాబట్టి అప్పుడే వెనక ఆయిల్ సీల్ కూడా మార్చేస్తాం. ఈ-టైప్‌లో ఉన్న గొప్ప సుఖం వేరే. 72 వేలకు పైగా తయారయ్యాయి, చిన్న రబ్బరు బుష్ నుంచి మొత్తం బాడీ షెల్ దాకా ఇవాళ్టికీ కొత్తవి దొరుకుతాయి. నీ 911కి 2.2 మెగ్నీషియం క్రాంక్‌కేస్ పగిలితే ఎక్కడ వెతుకుతావు?

వేగం గురించి కూడా ఒక మాట. గంటకు 150 మైళ్లు అని ఈ-టైప్ గురించి అందరూ చెప్పుకునే లెక్క, పత్రికల వాళ్లకు ప్రత్యేకంగా సిద్ధం చేసి ఇచ్చిన 9600 హెచ్‌పీ అనే బండిది. షోరూంలో కొన్నవాళ్లెవరూ దాన్ని అందుకోలేదు. ఇది ఈ-టైప్ వాడిగా నేనే చెబుతున్నా.

డాలస్_ప్రసాద్

ఇద్దరూ కొట్టుకోవడం బాగుంది గానీ మురళి అన్నా, జాగ్వార్ ఛాసిస్ నంబరు ఎలా మొదలవుతోంది? మొత్తం ఇక్కడ రాయొద్దు, మొదటి నాలుగు చాలు.

లీడ్స్_మురళి

ఇంజిన్ దగ్గరున్న ప్లేటు మీద 1ఈ32 అని మొదలవుతోంది ప్రసాద్ గారూ. ఇంజిన్ నంబరు 7ఈ తో ఉంది. రెండూ సరిపోయాయని అమ్మేవాడు చూపించాడు. ఏమైనా తేడానా?

డాలస్_ప్రసాద్

తేడా కాదు, అసలు సంగతే అది. 4.2 కూపేల్లో కుడివైపు స్టీరింగ్‌తో తయారైనవాటికి నంబరు 1ఈ20001 నుంచి మొదలైంది. ఎడమవైపు స్టీరింగ్ కూపేలకు 1ఈ30001 నుంచి. మీది 1ఈ32 అంటే అది ఎడమవైపు స్టీరింగ్‌తో పుట్టిన బండి. నూటికి తొంభై పాళ్లు మా అమెరికాకి వచ్చి, తర్వాత ఇంగ్లండ్ వెళ్లి, అక్కడ స్టీరింగ్ కుడివైపుకి మార్చుకుంది. ఇంజిన్ నంబరు 7ఈ సరైనదే, సిరీస్ 1లో 4.2 ఇంజిన్లు అలాగే మొదలవుతాయి.

కాబట్టి "మ్యాచింగ్ నంబర్లు" నిజమే అయి ఉండొచ్చు. "అచ్చంగా ఇంగ్లండ్ బండి" మాత్రం అబద్ధం.

సుజాత_వి

నేను పాత కార్ల విలువ కట్టే పనిలో ఉన్నాను, లండన్. ప్రసాద్ గారు చెప్పింది అక్షరాలా సరైనది. మురళి గారూ, వి5సి (బ్రిటన్ రిజిస్ట్రేషన్) పత్రం మీద బ్రిటన్‌లో మొదటిసారి రిజిస్టర్ అయిన తేదీ చూడండి. 1966 అని ఉండదు. 80ల చివరో, 90ల మొదట్లోనో ఉంటుంది, ఆ రోజుల్లో ఈ-టైపులు గుంపులు గుంపులుగా అమెరికా నుంచి వెనక్కి వచ్చాయి. జాగ్వార్ డైమ్లర్ హెరిటేజ్ ట్రస్ట్ ఇచ్చే సర్టిఫికెట్ అడగండి. ఫ్యాక్టరీ రికార్డులోంచి అసలు రంగు, ఇంజిన్, గేర్‌బాక్స్, బాడీ నంబర్లు, ఏ దేశానికి పంపారో అందులో ఉంటాయి. బండి ఎవరి పేరున ఉందో వాళ్లే దరఖాస్తు పెట్టాలి. పెట్టను అంటే అక్కడే అర్థం చేసుకోవచ్చు.

ప్లేటును నమ్మొద్దు. కొత్త ప్లేట్లు దుకాణాల్లో అమ్ముతారు, మీకు కావాల్సిన నంబరు కొట్టి మరీ ఇస్తారు. బండి మీద పంచ్ చేసిన నంబర్లు చూడాలి. ఇంజిన్ బ్లాకు మీద ఆయిల్ ఫిల్టర్ పైన ఒకటి, సిలిండర్ హెడ్ మీద ఒకటి, రేడియేటర్ను మోసే ముందు ఫ్రేము మీద కుడివైపున ఛాసిస్ నంబరు ఒకటి. అక్షరాల ఆకారం, లోతు, వరస చూస్తే ఫ్యాక్టరీలో కొట్టిందో, షెడ్డులో కొట్టిందో చాలామటుకు తెలిసిపోతుంది. చుట్టూ గ్రైండర్ గీతలుంటే ఇక మాట్లాడేదేం లేదు.

లీడ్స్_మురళి

వి5సి ఫొటో తెప్పించుకున్నా. బ్రిటన్‌లో మొదటి రిజిస్ట్రేషన్ 1990! అమ్మేవాణ్ణి అడిగితే "అవునవును, కొన్నాళ్లు అమెరికాలో ఉండి వచ్చింది" అని ఇప్పుడంటున్నాడు. మా ఆవిడ "నేను చెప్పలా, ఆ మనిషి మాట తీరు నాకు నచ్చలేదని" అంటోంది.

శీను గారూ, మీరడిగిన కుడివైపు ఫొటో కూడా పెట్టాను.

ఉలవచారు

వదినగారిని అడిగి కొంటే ఈ థ్రెడ్డే అవసరం లేకపోయేది.

శీను_లుడ్విగ్స్‌బర్గ్

ఫొటో చూశాను. అనుమానపడ్డదే అయ్యింది.

911లో 1972 మోడల్‌కి ఒక్కదానికే ఉన్న గుర్తు ఒకటుంది. బరువు పంపకం కోసం ఆ ఏడాది ఆయిల్ ట్యాంకును కుడి వెనక చక్రానికి ముందుకు జరిపారు. ఆయిల్ పోయడానికి కుడి తలుపు వెనక, ఫెండర్ మీద బయటికే చిన్న మూత పెట్టారు. పెట్రోల్ బంకుల్లో పనివాళ్లు అది పెట్రోల్ మూత అనుకుని అందులో పెట్రోల్ పోసేవాళ్లు. దాంతో ఒక్క ఏడాదికే తీసేసి, 1973 మోడల్ నుంచి ట్యాంకును మళ్లీ చక్రం వెనక్కి పంపించారు.

మీ వెండి బండి 1972 మోడల్ అంటున్నారు. ఆ మూత ఏది? తలుపు వెనక నున్నగా ఉంది. అంటే రెండే అవకాశాలు. కుడివైపు పెద్ద దెబ్బ తగిలి, ఫెండర్ మొత్తం మార్చి, వేరే ఏడాది ప్యానెల్ వేశారు. లేదంటే కాగితాలు ఒక బండివి, బాడీ ఇంకో బండిది. ముందు హుడ్ తెరిచి ఛాసిస్ నంబరు చూడండి. ఇటలీలో అమ్మిన 1972 టి కూపే అయితే 911250తో మొదలవ్వాలి. నాలుగో అంకె 2 అంటే 1972 మోడల్, ఐదో అంకె 5 అంటే కార్బురేటర్లున్న టి, ఆరో అంకె 0 అంటే కూపే. ఇంజిన్ టైపు 911/57 ఉండాలి.

పాతబండి

శీనూ, నీ కళ్లకు దండం పెట్టాలి. నీ సొంత పార్టీ బండినే పట్టించావు.

శీను_లుడ్విగ్స్‌బర్గ్

పార్టీ ఏముందన్నా, మనవాడి డబ్బు కదా. పైగా ఈ విషయంలో నేనూ దెబ్బతిన్నాను. నా 2.2 కొన్నాక ఇక్కడొక వర్క్‌షాపుకి ఇచ్చాను, పేరు చెప్పను. పైకి అద్దంలా పెయింట్ వేసి ఇచ్చారు. తర్వాత వేరేవాళ్ల దగ్గర లిఫ్ట్ మీద ఎక్కిస్తే, ముందు బ్యాటరీ పెట్టెల కింద తుప్పు మీదే తారు పూసి, దాని మీద పెయింట్ కొట్టి ఉంది. 1969 మోడల్ నుంచి 1973 దాకా 911లకు ముందు రెండు మూలల్లో రెండు బ్యాటరీలు ఉండేవి, వెనక బరువుకు జోడీగా. ఆ పెట్టెల్లోకి యాసిడ్ కారి రేకును తినేస్తుంది. వెనక టోర్షన్ బార్ ట్యూబు దగ్గర, ముందు సస్పెన్షన్ బిగించే రేకు దగ్గర, తలుపుల కింద కూడా అంతే. బాడీ మొత్తం జింకు పూతతో చేయడం 1976 మోడల్ నుంచి. అంతకు ముందు బండ్లలో తుప్పు ఉందా అని అడగక్కర్లేదు. ఎక్కడ ఉంది, ఎవరు ఎలా బాగు చేశారు అనే అడగాలి.

ఇంజిన్ రీబిల్డ్ బిల్లులు చూసి చాలామంది పడిపోతారు. ఇంజిన్‌ని బల్ల మీద పెట్టి కొత్తది చేయొచ్చు, దానికి ఖర్చు ఎంతో ముందే చెప్పగలం. బాడీ కోయడం మొదలుపెడితే ఎక్కడ ఆగుతుందో ఏ మెకానిక్కూ చెప్పలేడు. జాగ్వార్‌కీ ఇదే వర్తిస్తుందని అన్న కూడా ఒప్పుకుంటాడు.

పాతబండి

నూటికి నూరుపాళ్లు. ఈ-టైప్‌లో ముందు భాగం గొట్టాల ఫ్రేము, వెనక భాగం అంతా రేకు డబ్బా. ఆ డబ్బాకు ప్రాణం సిల్స్, అంటే తలుపుల కింది పెట్టె భాగాలు. అవి లోపల్నుంచి కుళ్లితే తలుపు గ్యాపులు పైన ఒకలా కింద ఒకలా ఉంటాయి. అమ్మేవాడు "సిల్స్ మార్చించాం" అని గర్వంగా చెబితే, మార్చేటప్పుడు బాడీకి లోపల ఆసరా కట్టారా అని అడగండి. ఆసరా లేకుండా కోస్తే డబ్బా వాలిపోతుంది, ఆ తర్వాత తలుపులు ఎప్పటికీ సరిగా పడవు. బానెట్ కూడా చూడండి, ఆ పొడుగు ముక్కు ఒక్కటే ఒక చిన్న కారు ఖరీదు చేస్తుంది.

అమెరికా బండి కాబట్టి ఒక మంచి కూడా ఉందని ప్రసాద్ చెప్పాలి.

డాలస్_ప్రసాద్

చెప్తున్నా. అరిజోనా, న్యూ మెక్సికో, పశ్చిమ టెక్సస్, కాలిఫోర్నియా లోపలి భాగాల్లో పెరిగిన బండికి తుప్పు తక్కువ. ఇంగ్లండ్ చలికాలంలో రోడ్ల మీద ఉప్పు చల్లుతారు, అందులో పాతికేళ్లు నడిచిన అసలైన ఇంగ్లండ్ ఈ-టైప్ కంటే ఎండలో ఎండిన మా బండి ఫ్లోరే గట్టిగా ఉండొచ్చు. మా ఎండ రబ్బర్లనీ, డ్యాష్‌నీ, సీట్లనీ పాడుచేస్తుంది. అవి మార్చుకోవడం తేలిక. ఏ రాష్ట్రం నుంచి వచ్చిందో పాత టైటిల్ పేపరు అడగండి. మిషిగన్, న్యూయార్క్ అయితే ఈ మాటలన్నీ మర్చిపోండి, అక్కడా ఉప్పే.

సికింద్రాబాద్_ఫియట్

మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. మా నాన్నగారి ఫియట్ 1100 ఇప్పటికీ నడుపుతున్నా. ఇలాంటి ఈ-టైప్‌ని ఇండియా తెచ్చుకుని ఇక్కడ రిజిస్టర్ చేయించుకోవచ్చా?

సుజాత_వి

50 ఏళ్లు దాటి, పెద్దగా మార్పులు చేయని బండి అయితే 2021లో వచ్చిన వింటేజ్ రూల్స్ కింద రిజిస్ట్రేషన్ ఉంది. నంబరులో రాష్ట్రం కోడ్ తర్వాత వీఏ అనే అక్షరాలు వస్తాయి. కొత్త రిజిస్ట్రేషన్‌కి 20,000 రూపాయలు, 10 ఏళ్లు చెల్లుతుంది, తర్వాత రెన్యువల్‌కి 5,000. రోజూ ఆఫీసుకి వేసుకెళ్లడానికి కుదరదు. ర్యాలీలు, ఎగ్జిబిషన్లు, పెట్రోల్ పోయించడం, సర్వీసింగ్, అంతవరకే. దిగుమతి డ్యూటీ లెక్క మాత్రం కస్టమ్స్ ఏజెంటు చేత ముందే కట్టించుకోండి, ఆ అంకె చూశాకే బండి ఫొటో చూడండి. మిగతాది వేరే థ్రెడ్ పెట్టండి, ఇక్కడ మురళి గారి పని కానిద్దాం.

మురళి గారూ, ధర సంగతి. కలెక్టర్ల మార్కెట్లో ఈ-టైపుల వరస అందరికీ తెలిసిందే. సిరీస్ 1 ఓపెన్ బండి పైన, కూపే దాని కింద, 1966లో వచ్చిన నాలుగు సీట్ల 2+2 ఇంకా కింద. బ్రిటన్‌లో అయితే ఇక్కడే కుడివైపు స్టీరింగ్‌తో పుట్టిన బండికి అదనంగా ఇస్తారు, ఎడమ నుంచి కుడికి మార్చినదానికి ఇవ్వరు. మీ దగ్గర అడిగింది మొదటి రకం ధర, ఇస్తున్నది రెండో రకం బండి. 911లలో టి అన్నిటికంటే కింద, దాని పైన ఇ, ఆ పైన ఎస్. ఎస్‌కి 190 పీఎస్, టికి 130, ధరలో తేడా దానికి తగ్గట్టే. 1973 కరేరా ఆర్‌ఎస్ 2.7 అయితే వేరే లోకం. మొత్తం 1,580 మాత్రమే చేశారు, నకిలీలు లెక్కలేనన్ని. దాని ఛాసిస్ నంబరు 911360తో మొదలవ్వకపోతే వెనక బాతు తోకలాంటి స్పాయిలర్ ఉన్నా అది ఆర్‌ఎస్ కాదు.

ఒక లాభం రెండింటికీ సమానం. బ్రిటన్‌లో కార్ల మీద వచ్చిన లాభానికి క్యాపిటల్ గెయిన్స్ పన్ను లేదు, వ్యాపారంగా చేయనంత కాలం. 40 ఏళ్లు దాటినవి కాబట్టి రోడ్ ట్యాక్స్ లేదు, ఎంఓటీ (ఏటా చేసే ఫిట్‌నెస్ పరీక్ష) తప్పనిసరి కాదు. ఎంఓటీ మాత్రం చేయించండి, తప్పనిసరి కాకపోయినా. ఇన్సూరెన్స్ ముందే విలువ ఒప్పుకుని రాసే పాలసీ తీసుకోండి, లేకపోతే పాత కారుకు పాత కారు డబ్బే ఇస్తారు.

ఉలవచారు

పన్ను లేదన్నారా? రెండెకరాలు అమ్మితే పన్ను పడొచ్చు. సుజాత గారూ, నా వాదన వెనక్కి తీసుకుంటున్నా.

లీడ్స్_మురళి

రెండు బండ్లనూ ఒక స్వతంత్ర ఇన్‌స్పెక్టర్ చేత లిఫ్ట్ మీద చూపించాను. ఇద్దరు అమ్మేవాళ్లూ ఒప్పుకున్నారు, వెండి బండివాడు కాస్త గునిశాడు. పెయింట్ మందం కొలిచే గేజ్ పెట్టాడాయన.

911: ఎడమవైపంతా గేజ్ మామూలుగా చూపించింది. కుడి తలుపు వెనక పెడితే అంకె ఒక్కసారిగా పైకి పోయింది, అంటే కింద పుట్టీ మందంగా ఉంది. ఆయిల్ ట్యాంకు చక్రం వెనక ఉంది, 1973 నుంచి వచ్చిన బండ్లలో ఉన్నట్టు. ఛాసిస్ నంబరు 911250తోనే మొదలవుతోంది, ఇంజిన్ 911/57. కాబట్టి బండి అసలుదే, కుడి వెనక భాగం మాత్రం వేరే ఏడాది ముక్క. ముందు సస్పెన్షన్ రేకు మీద ప్యాచ్ వెల్డింగ్ ఉంది, అది కూడా మళ్లీ కుళ్లడం మొదలైంది.

జాగ్వార్: సిల్స్ అసలువే, స్క్రూడ్రైవర్ పిడితో కొడితే అంతా ఒకే చప్పుడు. ఫ్లోర్ గట్టిగా ఉంది. బ్లాకు, హెడ్, ముందు ఫ్రేము, మూడుచోట్లా పంచ్ చేసిన నంబర్లు కలిశాయి. పాత టైటిల్ కాగితం అరిజోనాది. స్టీరింగ్ మార్చిన పని బాగానే చేశారట, ర్యాక్, పెడల్ బాక్స్, డ్యాష్ అన్నీ కుడివైపువి. వైపర్లు మాత్రం మర్చిపోయారు, ఇప్పటికీ ఎడమవైపు డ్రైవర్ కోసం తిరుగుతున్నాయి. కారు నిలబెట్టి పావుగంట ఐడిల్‌లో ఉంచితే ఫ్యాన్ తిరగడం ఆలస్యమై ముల్లు పైకి వెళ్లింది.

ఇప్పుడు చెప్పండి.

సుజాత_వి

జాగ్వార్ కొనండి. స్టీరింగ్ మార్చిన అమెరికా బండి అని రాతపూర్వకంగా ఒప్పించి, ఆ ధరకే. హెరిటేజ్ సర్టిఫికెట్ వాళ్ల ఖర్చుతో తెప్పించమనండి. మీరు ప్రైజులకు పెట్టే మనిషి కాదు, ఎండాకాలం నడుపుకునే మనిషి. నడపడానికి కుడి స్టీరింగ్ మీకు సుఖం, కలెక్టరు దృష్టిలో అదే లోపం. లోపం ధరలో కనిపిస్తే మీకు లాభమే. పదేళ్లకు అమ్మేటప్పుడు ఈ ఫైలంతా కొన్నవాడికి చూపించండి, దాచిన బండి కంటే చెప్పి అమ్మిన బండికే గిరాకీ.

శీను_లుడ్విగ్స్‌బర్గ్

నేనూ అదే అంటాను, మనసు కష్టంగానే ఉన్నా. మంచి 911 టి ముందు ఈ జాగ్వార్ ఉంటే నేను పోర్షే వైపే ఉండేవాణ్ణి. ఈ 911 టి ముందు కాదు.

పాతబండి

ఫ్యాన్ గురించి భయపడకండి, ఈ-టైప్ పుట్టినప్పటి నుంచీ ఉన్న గొడవే. రేడియేటర్ లోపల కడిగించి, ఫ్యాన్ స్విచ్ మార్చి, కొత్త రకం మోటారు వేయిస్తే మా ఊళ్లో జూలై ట్రాఫిక్‌లో కూడా ముల్లు కదలదు. పాత మోటారు పారేయకండి, డబ్బాలో దాచండి, రేపు కొనేవాడు అడుగుతాడు.

ఊరిస్తున్నా అనుకోకపోతే ఒకటి చెప్పాలి. మంచి నూనె పట్టించిన మూడు ఎస్‌యు కార్బురేటర్లు ఒకేలా ట్యూన్ అయ్యాక, మూడువేల ఆర్‌పీఎం దాటుతుంటే ఆ స్ట్రెయిట్ సిక్స్ చప్పుడు మారుతుంది. అప్పుడు ఎదురుగా ఆ బానెట్ వంపు కనిపిస్తుంటే శీను లాంటివాడు కూడా ఒక్క నిమిషం నోరు మూసుకుంటాడు.

శీను_లుడ్విగ్స్‌బర్గ్

అర నిమిషం.

లీడ్స్_మురళి

బేరం కుదిరింది! మొదట అడిగిన ధరలో బాగానే తగ్గించాడు, అంకె ఇక్కడ రాయను. సర్టిఫికెట్ వచ్చాకే మిగతా డబ్బు అన్న షరతు మీద అడ్వాన్స్ ఇచ్చాను. సర్టిఫికెట్ వచ్చింది. అసలు రంగు తెలుపు అట! మా ఆవిడకు ఎరుపే నచ్చింది, కాబట్టి ఆ చర్చ వద్దు.

రోడ్డెక్కే ముందు ఏం చేయించాలి?

పాతబండి

బ్రేక్ ఫ్లూయిడ్ మొత్తం మార్పించండి, ఎప్పుడు మార్చారో ఎవరికీ తెలియదు. పెట్రోల్ పైపులు కొత్తవి. వైర్ వీల్స్ తిప్పి చూసి వదులైన పుల్లలు బిగించండి. చక్రం మధ్యలోని స్పిన్నర్ నట్లను రాగి సుత్తితోనే కొట్టాలి, ఇనుప సుత్తితో కొడితే క్రోమ్ పోతుంది, మీ ప్రాణం పోతుంది. కాస్త తిరిగాక మళ్లీ ఒకసారి బిగించి చూడండి. తర్వాత ఆ వైపర్లు.

శీను_లుడ్విగ్స్‌బర్గ్

పైపులు మార్చేటప్పుడు ఇథనాల్ తట్టుకునే రకం అడగండి. బ్రిటన్‌లో 2021 నుంచి మామూలు పెట్రోల్ ఇ10 (10 శాతం దాకా ఇథనాల్ కలిసినది) అయింది, పాత రబ్బరును తినేస్తుంది. సూపర్ గ్రేడ్ ఇ5 పోయించండి.

బ్రిస్టల్_నాని

థ్రెడ్ మొత్తం ఇప్పుడే చదివాను. మురళి గారూ, కంగ్రాట్స్. ఆ వెండి 911 ఇంకా ఉందా? నేను వెల్డింగ్ పని నేర్చుకున్నవాణ్ణి, నాకు షో బండి అక్కర్లేదు.

లీడ్స్_మురళి

ఉంది నాని గారూ. ఇన్‌స్పెక్షన్ రిపోర్టు మీకు పంపిస్తాను, మళ్లీ డబ్బు పెట్టక్కర్లేదు. వాడి నంబరు మెసేజ్‌లో ఇస్తా.

శీను_లుడ్విగ్స్‌బర్గ్

నానీ, కొంటే ముందు ముక్కు కింది రేకులతో మొదలుపెట్టు, కుడి ఫెండర్ చివర్లో. నడిపి చూసేటప్పుడు ఆయిల్ చూస్తావుగా, ఇంజిన్ బాగా వేడెక్కాక, చదునైన చోట నిలిపి, ఐడిల్‌లో తిరుగుతుండగానే కడ్డీ తియ్యి. ఆపేసి చూస్తే తక్కువ చూపిస్తుంది. తక్కువుందని పోస్తే ఎక్కువైన ఆయిల్ ఎయిర్ ఫిల్టర్లోకి వచ్చి బండి వెనకంతా పొగే. ఛాసిస్ నంబరు, ఆ ప్యాచ్ వెల్డింగ్ ఫొటోలు ఇక్కడే పెట్టు, ఎంత వరకు ఇవ్వొచ్చో చూద్దాం.